వర్తకునకు వెబ్‌సైటు



దుకాణము గలవాడు గాని, మిల్లు గలవాడు గాని తన వ్యాపారమునకు ఒక వెబ్‌సైటు పెట్టదలచినచో అది ఎట్లుండిన పనికివచ్చును, ఎట్లుండిన సొమ్ము దండుగయగును అనునది నేటి నా ప్రసంగ విషయము. ముప్పది యేండ్లకు పైగా పెద్దపల్లి ప్రాంతమున బాలురకు తెలుగు, సంస్కృతము చెప్పిన పంతులునకు ఈ గొడవ యేల అని మీరు నవ్వవచ్చును. కారణము కలదు. మన పల్లెలలో ఇప్పుడు అనేక గృహములందు ఒక వాదము నడచుచున్నది. పట్టణమున చదివి వచ్చిన కుమారుడు "బాపూ, మన దుకాణమునకు వెబ్‌సైటు పెట్టుదము, ఇంత సొమ్మగును" అనును. పెట్టె తాళము తండ్రి చేతిలో నున్నది. ఆయనకు ఏమి అడుగవలెనో తెలియదు. అందుచేత కుమారుని మీది ప్రేమతో సొమ్మిచ్చి ఊరకుండును. లేదా కోపించి పొమ్మనును. రెండును మంచివి కావు. ఇల్లు కట్టించువానికి తాపీపని రానక్కఱలేదు. తలుపు ఎటు తెఱచుకొనవలెనో చెప్పగలిగిన చాలును. ఆ పాటి తెలివిడి కలిగించుటయే నా ఉద్దేశము.

వెబ్‌సైటు అను మాటకు పండితులు జాలగూడు మొదలగు తెలుగు పేర్లు కల్పించిరి. అవి నాకును ప్రియములే. కాని కొనవచ్చినవాడు ఏ పేర అడుగునో ఆ పేరనే సరుకు చూపవలెను గదా! కావున నేను వెబ్‌సైటు అనియే వ్యవహరింతును.

ఇది ఎట్లు పుట్టినదో ఒక్క మాట చెప్పి ముందునకు పోయెదను. 1989లో టిం బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు, స్విట్జర్లాండులో సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధనాలయమున పనిచేయుచు, అచ్చటి శాస్త్రజ్ఞులకు కావలసిన కాగితములు వేఱువేఱు యంత్రములలో చెదరియుండి సమయమునకు దొరకకుండుట చూచి, వానినన్నిటిని దారములతో ముడివేసినట్లు కలుపు ఉపాయమొకటి ప్రతిపాదించెను. 1991లో మొదటి వెబ్‌సైటు లోకమునకు తెలిసినది. 1993లో ఆ సంస్థ ఈ ఉపాయమును రుసుము లేకుండ అందరికి విడిచిపెట్టెను. వెదకువానికి కావలసినది దొరకుట కొఱకే ఇది పుట్టినది. పెట్టినవాని వైభవము చాటుటకు పుట్టలేదు. నేటి వెబ్‌సైటులలో పెక్కింటికి పట్టిన రోగము ఈ మొదటి సంగతి మఱచుటయే.

మన ప్రాచీనులు శాస్త్రగ్రంథము ఆరంభించునపుడు నాలుగు సంగతులు ముందే తేల్చుకొనెడివారు. గ్రంథము దేనిని గూర్చినది, అది విషయము. చదివినందువలన ఏమి కలుగును, అది ప్రయోజనము. ఆ గ్రంథమునకును ఆ విషయమునకును గల సంబంధమేమి. ఎవని కొఱకు వ్రాయబడినది, వాడు అధికారి. వీనికి అనుబంధ చతుష్టయమని పేరు. ఇచ్చట అధికారి యనగా కలెక్టరు కాడు. చదువుటకు అర్హుడు, చదువ నపేక్షించువాడు. వెబ్‌సైటు కట్టువారు మొదటి మూటిని ఎట్లో తెలిసికొందురు. నాలుగవదానిని అడుగువాడు అరుదు.

నా పూర్వశిష్యుడొకడు సుల్తానాబాదు చెంత బియ్యపు మిల్లు నడపుచున్నాడు. ఆ ప్రాంతమున బియ్యపు మిల్లులు మెండని మీరెఱుగుదురు. అతడు దూరపట్టణమందలి ఒక యువకునిచేత వెబ్‌సైటు చేయించి, ఎంతో సంతోషముతో నాకు చూపెను. తెఱవగానే బొమ్మలు ఒకదాని వెనుక నొకటి తిరుగజొచ్చినవి. కంఠమునకు టైలు కట్టిన తెల్లవారు నలుగురు బల్లచుట్టు కూర్చుండి నవ్వుచున్నారు. వారి క్రింద "మా దృక్పథము", "మా ఆశయము" అని రెండు పేరాలు, అవియును ఆంగ్లమున. ఏ బియ్యము కలదో, వెల యెంతో ఎచ్చటను లేదు. ఫోను నంబరు నాలుగవ పుట అడుగున చీమతలకాయలంత అక్షరములలో నున్నది. ఆరు మాసములలో ఆ వెబ్‌సైటు చూచి ఒక్కడును బియ్యము కొనలేదట. గోదావరిఖని క్వార్టర్లలోని పాత ఖాతాదారులు మాత్రము ఒక్కరొక్కరుగా దూరపు కంపెనీల బియ్యము ఫోనుమీద తెప్పించుకొనుచున్నారట.

నేనతనిని అడిగితిని: "నాయనా, నీ దుకాణమునకు ఫోను చేయువారు ఏమడుగుదురు?" అతడు తడుముకొనెను. "ఒక వారము దినములు ఫోను ప్రక్కన కాగితము పెట్టుకొని, అడిగిన ప్రశ్న అడిగినట్లే వ్రాయుము" అంటిని. వారమునకు కాగితము నిండినది. నిండినను ప్రశ్నలు ఐదాఱే. పాత బియ్యమా, కొత్తవా? సోనామసూరి యున్నదా, తెలంగాణ సోన యున్నదా? ఇరువది యైదు కిలోల సంచి యెంత? గోదావరిఖనికి తెచ్చియిత్తురా, తెచ్చిన కిరాయి యెంత? అన్నము ముద్దయైనచో మరల తీసికొందురా? ఇంతే. ఈ ప్రశ్నలే వెబ్‌సైటునకు మూలగ్రంథము. వీనికి ఉత్తరములు మొదటి తెరమీదనే యుండవలెను. తక్కినదంతయు వ్యాఖ్యానము, ఉండినను మంచిదే, లేకున్నను నష్టము లేదు.

ఆ అడుగువాడెవడు? బొగ్గుబావిలో రెండవ షిఫ్టు ముగించుకొని అర్ధరాత్రికి ఇల్లు చేరిన కార్మికుడు. ఆ వేళ మిల్లు మూసియున్నది, గుమాస్తా నిద్రించుచున్నాడు. వెబ్‌సైటునకు నిద్ర లేదు. దాని ముఖ్యోపకారము అదియే. లేదా రామగుండమున ఎన్.టి.పి.సి. కొలువునకు ఇతర రాష్ట్రమునుండి వచ్చి, ఏ దుకాణము మంచిదో ఎవరిని అడుగవలెనో తెలియనివాడు. లేదా హైదరాబాదులో నుండి ఊరిలోని తల్లిదండ్రులకు బియ్యము పంపదలచిన కూతురు. ఈ మువ్వురును అధికారులు. వీరిని కన్నుల ముందు నిలుపుకొనక కట్టిన వెబ్‌సైటు గోడకు చెప్పిన పాఠమువంటిది.

పెద్ద సంస్థకు ఈ చిక్కు మఱింత హెచ్చు. మన సింగరేణి కాలరీస్ కంపెనీనే చూడుడు. 1920లో ఆ పేర ఏర్పడి, నేడు రాష్ట్రమునకు 51 పాళ్లు, కేంద్రమునకు 49 పాళ్లు వాటా గలిగి నడచుచున్నది. దానికి వెబ్‌సైటు కలదు. బొగ్గు కొనువాడు వేలము సంగతికై చూచును, గుత్తేదారుడు టెండరుకై, నిరుద్యోగి కొలువు ప్రకటనకై. ఒక్క గుమ్మమునకు నానావిధములైన అతిథులు! అట్టిచోట మొదటి పుట చేయవలసిన పని ఒక్కటే: వచ్చినవాడెవడో అడిగి వాని దారికి పంపుట. ఆసుపత్రి వాకిట కూర్చుండి చీటీ వ్రాయువాడు చేయుపని అదియే. చిన్న దుకాణదారుడు అదృష్టవంతుడు. అతనికి ఇంత బరువు లేదు. ఉన్నట్లు నటించి పెద్ద కంపెనీల పుటలను అనుకరింపనక్కఱలేదు.

మఱియొక మాట. అందఱికిని వెబ్‌సైటు అవసరమని నేననను. ఊరిలోని కిరాణా దుకాణమునకు, తెలిసిన మేస్త్రీలకే ఇటుకలమ్ము బట్టీవానికి వాట్సాపును, గూగులు పటములో దుకాణము పేరు, చోటు, తెఱచు వేళలు సరిగా నమోదు చేయుటయును చాలును. దానికి రుసుము కూడ లేదు. ఎఱుగనివాడు వెదకికొనివచ్చు వ్యాపారమునకే వెబ్‌సైటు ఫలించును.

ఇందులకు దృష్టాంతము మన పొరుగువారినుండియే చూపెదను. నిజామాబాదు జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ అను యువకుడు బెంగుళూరులో ఉద్యోగము చేయుచుండెను. 2005 దీపావళికి ఇంటికి రావలెనని బస్సు టికెట్టుకై ఏజెంటునుండి ఏజెంటునకు తిరిగియు దొరకక అచ్చటనే నిలిచిపోయెను. ఏ బస్సులో ఏ సీటు ఖాళీయో ఒక్కచోట తెలియు మార్గము లేదు. ప్రతి ఏజెంటునకు తన యొద్దనున్న కొన్ని బస్సుల సంగతియే తెలియును. బస్సు ఖాళీగా పోవచ్చును, ప్రయాణికుడు రోడ్డుమీద నిలువవచ్చును, ఇద్దరికి నడుమ వార్త లేదు. ఆయన చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరి అను మిత్రులతో కలిసి 2006లో రెడ్‌బస్ అను వెబ్‌సైటు స్థాపించెను. 2013లో ఇబిబో అను సంస్థ దానిని కొనెను.

దానిలోని ఏర్పాటు గమనింపదగినది. మొదట అడుగునవి మూడే: ఎచ్చటనుండి, ఎచ్చటికి, ఏనాడు. ప్రయాణికుని మనస్సులో మొదట నుండు మూడు మాటలు అవియే గదా! తరువాత బస్సుల పట్టిక, బయలుదేరు వేళ, వెల. ఒక బస్సును ఎన్నుకొన్న వెంటనే బస్సు లోపలి చిత్రము, కిటికీ సీటేది, ఖాళీ యేది అని కన్నుల కగపడును. ఎక్కవలసిన చోటు ఎన్నుకొనవచ్చును. సొమ్ము కట్టుట ఆ తరువాతనే. కౌంటరు కిటికీ ముందు నిలుచుండి అడుగు వరుసయే అది. ప్రజలకు అలవాటైన సంభాషణను తెరమీద నిలిపినందున ఎవ్వరికిని పాఠము చెప్పనక్కఱ లేకపోయెను.

తర్కశాస్త్రమున వాక్యము అర్థమగుటకు మూడు కావలెనందురు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. వెబ్‌సైటు పుటలను పరీక్షించుటకు ఇంతకన్న మంచి గీటురాయి నాకు కనబడలేదు. "ఆవును" అని ఉదయము పలికి "తెమ్ము" అని సాయంకాలము పలికినచో ఎవ్వడును ఆవును తేడు. సన్నిధి లేదు. బియ్యము పేరొక పుటలో, వెల వేఱొక పుటలో, కొను మీట మూడవ పుటలో నున్న వెబ్‌సైటు అట్టిదే. సరుకు, దాని బొమ్మ, తూకము, వెల, కొను మీట: ఇవి ఒక్క చూపునకు అందవలెను. ఇక ఆకాంక్ష. ఒక మాట వినగానే మనస్సు తరువాతి మాటను కోరును. వెల చూచినవాడు "ఇంటికి ఎప్పుడు వచ్చును?" అనుకొనును, అచ్చటనే దానికి ఉత్తరముండవలెను. యోగ్యత మాట చెప్పనేల? "నిప్పుతో తడుపుము" అనుటలో ఎంత యోగ్యత కలదో, సుల్తానాబాదు మిల్లు పుటలో టైలు కట్టిన తెల్లవారి బొమ్మకు అంత కలదు. మిల్లుదే ఛాయాచిత్రము పెట్టుమని నా శిష్యునకు చెప్పితిని. గోడకు సున్నము లేదని అతడు సందేహించెను. సున్నము లేని నిజమైన గోడయే కొనువానికి నమ్మిక కలిగించును.

భాష సంగతి నా సొంత పొలము గనుక ఇచ్చట కొంచెము నిలిచెదను. తెలుగు అక్షరములకు యూనికోడు అను ప్రపంచ పట్టికలో 1991లోనే చోటు దొరకినది. అయినను చాల కాలము పత్రికలు మొదలగునవి తమ తమ సొంత అక్షరరూపములు వాడినందున ఒకరి పుట వేఱొకరి యంత్రమున గజిబిజిగా కనబడెడిది. ఇప్పుడు ఆ బాధ లేదు. అయినను కొందఱు తెలుగు వాక్యములను బొమ్మగా చేసి పెట్టుచున్నారు. అది పెద్ద తప్పు. బొమ్మలోని అక్షరములు వెదకువానికి సులభముగా దొరకవు, పెద్దవి చేసిన మసకబారును, చూపులేనివారికి పుట చదివి వినిపించు సాధనమునకు అందవు. అక్షరము అక్షరముగానే యుండవలెను.

ఏ తెలుగు? ఈ విషయమున పండితుడు తన పాండిత్యమును వాకిట విడిచి రావలెను. తండులములు అని వ్రాసినచో ఎవడును వెదకడు. బియ్యము అనియు కాదు, బియ్యం అనియే వ్రాయవలెను. జనులు ఫోనులో కొట్టునది, నోటితో పలికి వెదకునది ఆ మాటయే. ఆంగ్లమునుండి యంత్రముచేత తెలిగించినది వలదు. ఒకానొక వెబ్‌సైటులో కొను మీటపై "బండికి జోడించండి" అని యుండగా చూచితిని. మన రైతు దానిని చదివి ఎడ్లకై వెదకడా? "సంచిలో వేయండి" అనిన ఎవరికి తెలియదు? మఱియు తెలుగునకు ఒత్తులు క్రిందికి దిగును, గుడులు మీదికి లేచును. ఆంగ్లమునకు కొలిచిన వరుసల ఎడము మనకు చాలదు. పై వరుసలోని ఒత్తు క్రింది వరుసలోని గుడిని తన్నును. వరుసల నడుమ ఎడము పెంచుమని, అక్షరము ఒకపాటి పెద్దది చేయుమని పనివానికి గట్టిగా చెప్పవలెను. చెప్పకున్న అతడు చేయడు.

వెబ్‌సైటుల నియమములు వ్రాయు అంతర్జాతీయ సంఘమొకటి కలదు. డబ్ల్యూ త్రీ సీ అని దాని పేరు. వారు వృద్ధులు, అంగవైకల్యము గలవారు కూడ చదువగలుగుటకు 1999లో నియమములు ప్రకటించి, 2008లో వానిని సవరించిరి. అక్షరపు వన్నెకును వెనుకటి వన్నెకును నడుమ వెలుగు తారతమ్యము సామాన్యముగా 4.5కు 1 చొప్పునకు తగ్గరాదని అందు కలదు. ఈ లెక్క కట్టు సాధనములు ఉచితముగా దొరకును. అవి లేకున్నను పరీక్ష సులభము: మధ్యాహ్నపు ఎండలో, ఇంటి వాకిట నిలిచి, మీ కంటికి ఆ అక్షరములు ఆనుచున్నవో లేవో చూడుడు. బూడిదవన్నెపై లేత బూడిదవన్నె వ్రాయుట ఈనాటి యువకులకొక వ్యసనము. వారి కన్నులు ఇరువది యేండ్లవి.

మన ప్రాంతమున వెబ్‌సైటు చూచువారిలో పెక్కురు చూచునది చేతిలోని ఫోనులోనే గనుక, పనివాడు తన పెద్ద తెరమీద చూపిన అందమును నమ్మరాదు. ఇంటిలో అన్నిటికంటె చౌక ఫోను తెప్పించి దానిలో తెఱువుమనవలెను. ఫోనుతో తీసిన ఛాయాచిత్రమొకటి మూడు నాలుగు మెగాబైట్లు తూగవచ్చును. తెరకు సరిపడునట్లు కుదించిన రెండు మూడు వందల కిలోబైట్లకు దిగును, కంటికి భేదము తెలియదు. కుదింపక పది బొమ్మలు పెట్టినచో సంకేతము బలహీనముగా నున్న పల్లెలో పుట తెఱచుకొనులోపల కొనవచ్చినవాడు వెడలిపోవును. మీటలు బొటనవ్రేలికి తగినంత పెద్దవిగా నుండవలెను. ఫోను నంబరును నొక్కగానే ఫోను మ్రోగవలెను; కాగితముమీద వ్రాసికొనుమనరాదు.

కట్టిన పుట మంచిదో కాదో తేల్చుటకు ఒక పరీక్ష కలదు. వెబ్‌సైటుల సంగతి తెలియని నలుగురైదుగురిని వేఱువేఱుగా పిలిచి, ఫోను చేతికిచ్చి, "పాత సోనామసూరి ఒక సంచి గోదావరిఖనికి తెప్పింపుము" అని చెప్పి, మీరు మౌనముగా కూర్చుండవలెను. సాయము చేయరాదు. ఎచ్చట వారి వ్రేలు ఆగునో అచ్చట పుటలో దోషమున్నది, వారిలో కాదు. నా శిష్యుడు తన మేనత్తను కూర్చుండబెట్టెను. ఆమె వెల చూచి, కిరాయి ఎంతో తెలియక, ఫోను క్రింద పెట్టి "ఇంటికి తెచ్చినంక ఇంకెంత అడుగుతరో" అనెను. ఆ ఒక్క మాట పనివాని పాఠములన్నిటికంటె విలువైనది.

ఆమె భయము న్యాయమైనది. ఇంటర్నెట్టు ద్వారా సరుకులమ్ము వ్యాపారములకు కేంద్ర ప్రభుత్వము 2020లో వినియోగదారుల రక్షణ నియమములు చేసినది. వాని ప్రకారము సంస్థ అసలు పేరు, చిరునామా, ఫిర్యాదు వినువాని పేరు, అతనిని చేరు మార్గము పుటలో చూపవలెను. కిరాయి మొదలగునవి కలిపిన మొత్తము వెల ఒక్క అంకెలో చెప్పి దాని వివరమీయవలెను. సరుకు మరల తీసికొను పద్ధతి తెలుపవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో ఒప్పుకొని, ఒక మాసములో తీర్చవలెను. ఆహారపదార్థములు అమ్మువానికి ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నంబరు పదునాలుగు అంకెలది యుండును. అదియును పుటలో నుంచుట మేలు. ఇవి శాసనభయముచేత కాకున్నను నమ్మిక కొఱకు చేయవలసినవే. ఎందుకనగా కపటపు వెబ్‌సైటులచే మోసపోయినవారు మన ఊళ్లలోను కలరు, వారు పదిమందికి చెప్పియున్నారు. ఇప్పుడు నిజమైన వర్తకుడు కూడ తాను దొంగ కాడని చూపుకొనవలసి వచ్చినది.

ఇచ్చట కొనువారికి కూడ రెండు మాటలు చెప్పవలసి యున్నది. చిరునామా ప్రక్కన కనబడు తాళపుగుర్తు, మీరు పంపు సంగతి నడుమ ఎవ్వడును చదువలేడని మాత్రమే చెప్పును. ఆవలివాడు సత్యవంతుడని చెప్పదు. యూపీఐ పిన్ను సొమ్ము ఇచ్చుటకే కావలెను, పుచ్చుకొనుటకు అక్కఱలేదు. "మీ సొమ్ము వాపసు పంపెదము, పిన్ను కొట్టుడు" అనువాడు దొంగయే. మోసము జరిగిన వెంటనే 1930 అను నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమగుకొలది సొమ్ము చేతులు మారిపోవును. తన వెబ్‌సైటులో ఈ సంగతి రెండు వరుసలలో వ్రాసియుంచిన వర్తకునియందు నాకు గౌరవము హెచ్చును. కొనువానినుండి పేరు, చిరునామా, ఫోను నంబరునకు మించి అడుగరాదు. బియ్యపు సంచికి పుట్టినతేది యేల?

కడపట తండ్రులు మఱువరాని లావాదేవీ సంగతి. వెబ్‌సైటునకు ఒక పేరుండును. డాట్ ఇన్ అనియో, డాట్ కామ్ అనియో తోకతో. అది ఒక్కసారి కొనిన పొలమువంటిది కాదు, శిస్తు కట్టు కౌలువంటిది. గడువు దాటి రుసుము కట్టకున్న కొంతకాలమునకు వేఱొకడు దానిని తీసికొనవచ్చును. మీ దుకాణపు పేరుతో వానికి తోచినది అమ్మవచ్చును. ఇంతకంటె పెద్ద ప్రమాదము, ఆ పేరు పనివాని పేర నమోదగుట. నా శిష్యుని విషయమున అదియే జరిగెను. పనివానితో మాట పట్టింపు వచ్చినపుడు తాళము వాని చేతిలో నుండెను. తన మిల్లు పేరు తనకు మరల దక్కుటకు రెండు మాసములు పట్టినది. కావున సొమ్మిచ్చుటకు ముందే ఒప్పందము కాగితముపై వ్రాయించుడు. పేరు మీ పేర, మీ ఫోను నంబరుతో, మీ ఈమెయిలుతో నమోదు కావలెను. సంకేతపదములన్నియు మీ యొద్ద నుండవలెను. వెల మార్చుట పనివానిని పిలువక మీ ఇంటివారే చేయగలుగునట్లు నేర్పింపవలెను. ఏలయనగా బియ్యము ధర మారిననాడు పుటలో పాత ధర యున్నచో తగవు దుకాణము మెట్లమీద జరుగును. రుసుము కట్టవలసిన తేది ఏదో కనుగొని, మీ ఖాతాపుస్తకము మొదటి పుటలో, మిల్లు లైసెన్సు తేది క్రిందనే వ్రాసియుంచుడు.